మైకుకి నచ్చే గిటారు: చెన్నైలో ఇరవై వేల అటూ ఇటూలో ఏది కొనాలి, ఎలా చూసి కొనాలి

షాపులో చెవికి నచ్చిన గిటారు మైకుకి కూడా నచ్చాలని లేదు. షాపులో ఎవరైనా ముందు చూసేది గట్టిగా మోగుతోందా లేదా అనే. పెద్ద బాడీ, గుండెకి తగిలే బేస్, ఒక్క స్ట్రోక్‌కి హాలంతా నిండిపోయే మోత ఉంటే చాలు, బిల్లు రాయించేస్తారు. ఇంటికి తెచ్చి రికార్డ్ చేసి, దాని మీద గొంతు కలిపితే పల్లవి మొదటి లైనులోనే ఆ బేస్ గొంతుకి అడ్డం పడుతుంది. మోత పెంచే పని గెయిన్ నాబ్ చేస్తుంది, దానికోసం గిటారుకి డబ్బు పెట్టక్కర్లేదు. ఆరు తీగలూ సమానంగా పలకాలి, ఏ ఫ్రెట్ నొక్కినా శ్రుతి తప్పకూడదు, తీగ తప్ప ఇంకేదీ చప్పుడు చేయకూడదు. ఈ లెక్కన చూస్తే ఇరవై వేల అటూ ఇటూ దొరికేవాటిలో యమహా ఎఫ్ఎస్800కి మొదటి ఓటు.

ఎఫ్ఎస్800 కాన్సర్ట్ సైజు, అంటే కాస్త చిన్న బాడీ గిటారు. పైన ఉన్న చెక్క, అంటే టాప్, సాలిడ్ (పొరలు లేని ఒకే చెక్క) సిట్కా స్ప్రూస్. వెనకా పక్కలా నాటో లేదా ఒకుమే. స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 634 మి.మీ., నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) వెడల్పు 43 మి.మీ. దీని అన్న ఎఫ్‌జి800ది ఇదే టాప్, కాకపోతే బాడీ పెద్ద సైజు డ్రెడ్‌నాట్, స్కేల్ 650 మి.మీ. ఈ పదహారు మిల్లీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే. కానీ తీగ బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అదే తీగ, అదే శ్రుతిలో ఎఫ్ఎస్ మీద దాదాపు 5 శాతం తక్కువ బిగువుతో ఉంటుంది. గంటలకొద్దీ టేకులు ఇచ్చే చేతికి ఆ 5 శాతం చాలా ఊరట. బలంగా బాదే స్ట్రమ్మర్లకి మాత్రం ఇదే ఇబ్బంది అవుతుంది. బిగువు తగ్గిన తీగ గట్టి దెబ్బకి ఒక్క క్షణం పై శ్రుతికి ఎగిరి కిందికి దిగుతుంది, ఆరో తీగ మీద అది రికార్డింగ్‌లో బాగానే వినిపిస్తుంది. అలా వాయించేవాళ్ళకి ఎఫ్‌జి800 మేలు.

పెద్ద బాడీతో వచ్చే చిక్కేంటో ఒకసారి లెక్కలో చూడండి. డ్రెడ్‌నాట్ పెట్టెలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను ఊగుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్, అంటే జి కార్డ్‌లోని బేస్ నోట్, 98 హెర్ట్జ్. ఐదో తీగ ఖాళీగా మోగితే 110. మన పాటల్లో సగం జి, ఎ కార్డుల చుట్టూనే తిరుగుతాయి. ఆ రెండు నోట్లు వచ్చిన ప్రతిసారీ గిటారు గుమ్ అని ఉబ్బుతుంది, మిగతా నోట్లకి మామూలుగా ఉంటుంది. ఈక్వలైజర్‌లో ఆ చోటు తగ్గిస్తే మిగతా బేస్ కూడా పలచబడుతుంది. చిన్న బాడీలో ఈ ఉబ్బు తక్కువ, కాస్త పై శ్రుతిలో ఉంటుంది కూడా. మగ గొంతు బరువంతా 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి అక్కడ గిటారు ఎంత ఖాళీ ఇస్తే పాట అంత తేటగా వినిపిస్తుంది. గొంతు లేకుండా ఒక్క గిటారే వినిపించే పీసులకైతే డ్రెడ్‌నాట్ నిండుదనం అందంగానే ఉంటుంది, ఆ పని మీదున్నవాళ్ళు ఈ పేరా వదిలేయొచ్చు.

ఫెండర్ సిడి-60ఎస్ కూడా ఈ ధరకి దగ్గర్లోనే తిరుగుతుంది. సాలిడ్ స్ప్రూస్ టాప్, మహాగనీ లామినేట్ (పొరలు అతికించిన) వెనకచెక్క, 643 మి.మీ. స్కేల్. ఫ్రెట్‌బోర్డ్ అంచులు గుండ్రంగా చెక్కి ఉంటాయి కాబట్టి అరచేయి పైకీ కిందికీ జారడం హాయిగా ఉంటుంది. ధ్వనిలో మధ్య స్థాయి కాస్త ముందుకొస్తుంది. ఒంటరిగా వింటే యమహా అంత మెరుపు కనిపించదు, కానీ కీబోర్డు, తబలా ప్యాడ్ ఉన్న ట్రాక్‌లో ఆ మధ్య స్థాయే గిటారుని వినిపించేలా చేస్తుంది. ఇదే వరుసలో సిసి-60ఎస్ అని కాన్సర్ట్ సైజు కూడా ఉంది, దొరికితే రికార్డింగ్‌కి దాన్నే చూడండి. కోర్ట్ ఎర్త్ వరుసలోనూ సాలిడ్ టాప్ మోడళ్ళున్నాయి, చూడదగ్గవే.

పది వేల చుట్టుపక్కల ఆగిపోవాలంటే యమహా ఎఫ్310. దీని టాప్ లామినేట్, పొరలు అతికించిన స్ప్రూస్. దీన్ని తీసిపారేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ మాట సరికాదు. లామినేట్ టాప్ తేలిగ్గా ఊగదు కాబట్టి బేస్ తక్కువ, నోట్ త్వరగా ఆగిపోతుంది. ఒంటి గిటారు పీసుకి అది లోటే. పాట వెనక వేసే స్ట్రమ్మింగ్‌కి అదే లాభం, ట్రాక్‌లో ఎవరికీ అడ్డం రాకుండా ఒదిగి కూర్చుంటుంది. పైగా చెన్నై తేమకి లామినేట్ చెక్క సాలిడ్ చెక్క అంత తొందరగా కదలదు. ఈ ధరలో స్కేల్ కొలత, ఫ్రెట్ల పని యమహా అంత నికరంగా ఇచ్చేవాళ్ళు తక్కువ. పది వేల లోపు సాలిడ్ టాప్ అని రాసి అమ్మే గిటారు కనిపిస్తే, ఫ్రెట్ల పనిలో ఎక్కడ కోత పెట్టారో ముందు అది వెతకండి.

లోపల పికప్ ఉన్న మోడల్‌కి ఎగబడకండి. ఈ ధరలో పెట్టేది శాడిల్ (బాడీ వైపు తీగలు ఆనే సన్న పట్టీ) కింద పియెజో పట్టీ. స్టేజీ మీద అది అవసరమే. రికార్డింగ్‌లో మాత్రం చెక్క వాసన లేని, ప్లాస్టిక్ మీద గోరుతో గీకినట్టుండే ధ్వని వస్తుంది. అదనంగా పోసే మూడు నాలుగు వేలు ఆ పికప్ ధ్వనిని పెంచే ప్రీయాంప్‌కి పోతాయి, దానికోసం పక్క చెక్కకి పెద్ద కన్నం పెడతారు, ఆపైన ఆ బ్యాటరీ పెట్టె మూత కొన్ని నోట్లకి గజగజలాడుతుంది. ఆ డబ్బు మైకు వైపు మళ్ళించండి. గిటారు, మైకు, ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) అన్నిటికీ కలిపి నలభై వేలు పెట్టుకుంటే గిటారు ఇరవై దాటనివ్వకూడదు.

ఇక షాపు. మౌంట్ రోడ్డులో 1842 నుంచీ ఉన్న మ్యూజీ మ్యూజికల్‌కి వెళ్ళినా, మీ ఇంటి దగ్గర్లోని చిన్న కొట్టుకి వెళ్ళినా పనిరోజు పొద్దున్నే వెళ్ళండి. శని, ఆదివారాల సాయంత్రం పక్కన డ్రమ్స్ కొట్టి చూసేవాళ్ళుంటారు, చిన్న చప్పుళ్ళేవీ వినపడవు. వెంట తీసుకెళ్ళాల్సినవి క్లిప్ ట్యూనర్, కేపో (మెడ మీద తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్), అంచు నుంచే సున్నా మొదలయ్యే స్టీల్ స్కేలు, రెండు తెల్ల కాగితం ముక్కలు, ఫోన్, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు.

ముందు సౌండ్‌హోల్ అంచు చూడండి. ఫోన్ టార్చి వేసి, కన్నం చుట్టూ కోసిన చెక్క మందాన్ని గమనించండి. టాప్ మీది నార గీతలు అంచు దగ్గర మలుపు తిరిగి, మందంలోకి తెగకుండా దిగితే సాలిడ్. మందంలో అడ్డంగా పొరల గీత కనిపిస్తే లామినేట్. కొన్నిటికి అంచంతా నల్లరంగు పూసేసి ఉంటుంది, అప్పుడు లోపలి నుంచి అద్దం పెట్టి చూసి కింది నార పై నారతో కలుస్తోందా అని పోల్చుకోవాలి.

తర్వాత శ్రుతి. ఒక్కో తీగనీ ఖచ్చితంగా ట్యూన్ చేసి, పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనించి హార్మోనిక్ మోగించండి. వెంటనే అదే ఫ్రెట్ నొక్కి మోగించండి. రెండింటికీ తేడా ట్యూనర్ మీద 3 సెంట్ల (సెంటు అంటే పక్కపక్క ఫ్రెట్ల శ్రుతి తేడాలో నూరో వంతు) లోపు ఉండాలి, 5 దాటితే మైకు పట్టేస్తుంది. నొక్కిన నోట్ పైకి పోతే సాధారణంగా యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, ఎక్కువై ఉంటుంది, లేదా శాడిల్ వెనక్కి జరగాల్సి ఉంటుంది. మొదటిది సెటప్‌తో, అంటే తీగల ఎత్తు సరిచేయించడంతో, పోతుంది, రెండోదాన్ని నయం చేయడం ఖర్చుతో కూడిన పని. అందుకని యాక్షన్ మామూలుగానే ఉండి శ్రుతి పైకి పోతున్న గిటారుని పక్కన పెట్టేయండి. తంబురా విని పెరిగిన చెవులకి ఈ తేడా పాటలో ముల్లులా గుచ్చుకుంటుంది.

నట్ దగ్గర ఇంకో గొడవ ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. తక్కువ ధర గిటార్లకి ఫ్యాక్టరీలో నట్ మీద తీగలు కూర్చునే గాడులు లోతుగా కోయరు. ఎక్కువ కోసి, తీగ ఫ్రెట్‌కి తగిలి బజ్ వస్తే గిటారు వాపసు వస్తుందని భయం. దాంతో మొదటి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగ ఎక్కువ దూరం దిగి సాగుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఖాళీ తీగలు సరిగ్గా ఉండి, ఎఫ్ కార్డ్ పట్టగానే పాట చేదెక్కితే కారణం ఇదే. పరీక్ష సులువు. తీగని రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకీ ఇనుముకీ మధ్య ఖాళీ చూడండి. వెలుతురు గీత కనీకనిపించనట్టుంటే సరి. కాగితం ముక్కలు రెండు మూడు దూరితే నట్ ఎత్తు. గిటారు పని తెలిసినవాళ్ళు సన్న ఆకురాయితో పది నిమిషాల్లో సరిచేస్తారు. ఇది మీరే చేయబోతే మాత్రం ఒక్క గాడి ఎక్కువ దిగినా నట్ మార్చాల్సి వస్తుంది.

మెడ వంపు చూడడానికి మొదటి ఫ్రెట్ మీద కేపో బిగించి, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ నొక్కండి. ఏడో ఫ్రెట్ దగ్గర ఖాళీ 0.15 నుంచి 0.25 మి.మీ. ఉండాలి. మామూలు ప్రింటర్ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. కాబట్టి రెండు ముక్కలు జారుగా దూరితే సరిగ్గా ఉన్నట్టే. కేపో తీసేసి పన్నెండో ఫ్రెట్ మీద యాక్షన్ కొలవండి. ఆరో తీగ కింద 2.5, ఒకటో తీగ కింద 2 మి.మీ. దగ్గరుంటే రికార్డింగ్‌కి ఇంతకంటే దించొద్దు. చేతికి తేలిగ్గా ఉందని ఇంకా కిందికి దించితే గట్టిగా మీటినప్పుడు తీగ ఫ్రెట్లకి తగిలి బజ్ కొడుతుంది. గదిలో వినపడని బజ్ కండెన్సర్ మైకులో ఈల వేసినంత స్పష్టంగా పడుతుంది.

ఆరు తీగలూ, ఒక్కో ఫ్రెట్టూ, పన్నెండు దాకా మెల్లగా మోగించండి. ఓపిక కావాలి, పది నిమిషాలు పడుతుంది, షాపువాళ్ళు ఏమైనా అనుకోనీండి. ఎక్కడైనా నోట్ మిగతావాటికంటే తొందరగా చచ్చిపోతోందా, ఎక్కడైనా ఏదో లోహం టింగుమంటోందా వినండి. టింగుమంటే ముందు ట్యూనింగ్ కీల మొదట్లో ఉన్న షట్కోణపు నట్లు చేత్తో తిప్పి చూడండి, కొత్త గిటార్లలో అవి వదులుగా ఉండడం మామూలే. అవి బిగువుగానే ఉండి చప్పుడు పోకపోతే వేళ్ళ కణుపులతో టాప్ మీద అక్కడక్కడ కొట్టండి. టాప్‌కి లోపల ఊతంగా అతికించిన చెక్క బద్ద, అంటే బ్రేస్, ఎక్కడైనా ఊడి ఉంటే ఆ చోట డప్ అనకుండా చిటపటమంటుంది. అలాంటిది వద్దు. చివరగా బ్రిడ్జి (టాప్ మీద అతికించి, తీగలు బిగించే చెక్క) వెనక అంచు కిందికి కాగితం మూల దూర్చి చూడండి. దూరిందంటే బ్రిడ్జి లేస్తోంది.

ఇదంతా నెగ్గినవి రెండో మూడో మిగులుతాయి. అప్పుడు ఫోన్ బయటికి తీయండి. కుర్చీలో కూర్చుని, ఫోన్ మైకు పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా 30 సెం.మీ. దూరంలో ఉండేలా ఎవరినైనా పట్టుకోమని, ఒకే కార్డుల వరుస, ఒకే వేగంలో ఒక్కో గిటారు మీద అర నిమిషం రికార్డ్ చేయండి. ముందు స్ట్రమ్మింగ్, తర్వాత వేళ్ళతో ప్లకింగ్. చప్పుడు తగ్గించే ఫీచర్ ఫోన్లో ఉంటే ఆపేయండి. ఫోన్ తనంతట తాను వాల్యూం సర్దేస్తుంది కాబట్టి ఏది గట్టిగా ఉందని చూడొద్దు, ఏది సమానంగా ఉందో చూడండి. బయటికొచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. జి బేస్ నోట్ దగ్గర ఏది ఉబ్బుతోంది, రెండో తీగ ఏ గిటారులో మునిగిపోతోంది అన్నది షాపులో చేతిలో పట్టుకుని వాయించినప్పటికంటే ఇక్కడ బాగా తెలుస్తుంది. ఎందుకంటే వాయించేవాళ్ళు గిటారు వెనక ఉంటారు, మైకు ముందు ఉంటుంది.

ఎంచుకున్నాక లోపలి నుంచి సీలు వేసిన డబ్బా తెచ్చి ఇస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఒకే మోడల్‌లో రెండు గిటార్లు ఒకేలా పలకవు, మీరు పరీక్షించింది ఆ ఒక్క పీసునే. సౌండ్‌హోల్లోంచి కనిపించే సీరియల్ నంబర్ వారంటీ కార్డు మీద అదేనా అని సరిచూసుకుని, చేతిలో ఉన్నదే తీసుకోండి. గీతలు పడ్డ డిస్‌ప్లే పీస్ అయితే ధర తగ్గించమని గట్టిగా అడగొచ్చు. గీత మైకులో వినపడదు.

కొన్న రోజే సెటప్ చేయించొద్దు, ఇంట్లో రెండు వారాలు ఉండనివ్వండి. ఏసీ షాపులో ఎండిన చెక్క మీ ఇంటి గాలికి అలవాటు పడి కదలడం ఆగాకే యాక్షన్ అసలు ఎంతుందో తెలుస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర 0.5 మి.మీ. దించాలంటే శాడిల్ అడుగు 1 మి.మీ. అరగదీయాలి. అడుగు సమతలంగా లేకపోతే కొన్ని తీగలు మందంగా పలుకుతాయి, కాబట్టి గరుకు కాగితాన్ని అద్దం మీద పరిచి దాని మీదే రుద్దాలి. ట్రస్ రాడ్‌ని (మెడ వంపు సర్దే లోపలి కడ్డీ) ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు, తిప్పాక ఒక రోజు ఆగి మళ్ళీ కొలవాలి.

చెన్నైలో గిటారు కొన్నవాళ్ళు అమెరికా వీడియోలు చూసి కేసులో తేమ ఇచ్చే స్పాంజి పెడుతుంటారు. ఇక్కడ అది ఉల్టా వైద్యం. గిటారు చెక్కకి 45 నుంచి 55 శాతం తేమ మంచిది. సముద్రం పక్కనున్న ఈ ఊళ్ళో ఏడాదిలో చాలా నెలలు అంతకంటే ఎక్కువే ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో మరీనూ. తేమ తాగిన సాలిడ్ టాప్ బ్రిడ్జి వెనక ఉబ్బుతుంది, యాక్షన్ లేస్తుంది, ధ్వని మొద్దుబారుతుంది. దీనికి తోడు రాత్రంతా ఏసీ, పగలంతా తెరిచిన కిటికీలు అయితే చెక్క రోజూ సాగి ముడుచుకుంటుంది, ఇదే ఎక్కువ హాని. గిటారుని గోడకి వేలాడదీయకుండా కేసులో పెట్టి, సిలికా జెల్ సంచులు రెండు వేసి, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఉంచండి. అది 60 దాటితే సంచులు మార్చాలి, 40కి దిగితే తీసేయాలి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి చోట్ల ఉప్పుగాలికి మామూలు తీగలు రెండు మూడు వారాల్లో మెరుపు పోగొట్టుకుంటాయి. కోటింగ్ ఉన్న తీగలు ధర ఎక్కువైనా ఇక్కడ గిట్టుబాటే.

తీగలు 0.012 నుంచి 0.053 లైట్ సెట్, ఫాస్ఫర్ బ్రాంజ్ వేసుకోండి. గొంతుతో కలిసే ట్రాక్‌కి దాని వెచ్చదనం సరిపోతుంది. ఎఫ్310 లాంటి లామినేట్ గిటారుకి 80/20 బ్రాంజ్ వేస్తే దానికి లేని మెరుపు కొంత వస్తుంది. తేలిగ్గా ఉంటుందని 0.010 సెట్ వేస్తే టాప్‌ని కదిపేంత బిగువు ఉండదు, ధ్వని పీలగా వస్తుంది. కొత్త తీగలు వేసిన వెంటనే రికార్డ్ చేస్తే శ్రుతి నిలవదు, వేలు జారినప్పుడల్లా కీచుమంటుంది. ముందు రోజు సాయంత్రం వేసి, గంటసేపు వాయించి, మర్నాడు రికార్డ్ చేయండి. కేపో పెట్టాక మళ్ళీ ట్యూన్ చేయడం మరవొద్దు, స్ప్రింగ్ గట్టిగా ఉన్న చవక కేపో అన్ని తీగల్నీ పైకి లాగేస్తుంది.

మైకుని సౌండ్‌హోల్‌కి గురిపెడితే ఎంత మంచి గిటారైనా కుండలో మోగినట్టుంటుంది. మెడ బాడీతో కలిసే చోటుకి గురిపెట్టి, పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా 20 నుంచి 30 సెం.మీ. దూరంలో పెట్టండి. బేస్ ఎక్కువైతే మెడ వైపు, తక్కువైతే కన్నం వైపు రెండు వేళ్ళ వెడల్పు జరిపి చూడండి, ఈక్వలైజర్ ముట్టుకోకముందే సగం పని ఇక్కడ అయిపోతుంది. ఆడియో-టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ మైకు ఈ స్థాయికి చాలు, ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల బటన్ నొక్కితేనే అది పనిచేస్తుంది. 24 బిట్‌లో రికార్డ్ చేస్తూ గట్టి స్ట్రోక్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టండి. 80 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆరో తీగే 82 దగ్గర మొదలవుతుంది కాబట్టి పోయేది ఫ్యాన్ గుర్రు, రోడ్డు మీద బస్సు రొద మాత్రమే. గ్రానైటు నేల, ఖాళీ గోడలున్న అపార్ట్‌మెంట్ గదిలో అయితే పరుపుని వాయించేవాళ్ళ వెనక గోడకి నిలబెట్టండి, మైకు చూసేది ఆ గోడనే. టేక్ ఇచ్చేటప్పుడు ఫ్యాన్, ఏసీ రెండూ ఆపాల్సిందే. గది వేడెక్కేకొద్దీ తీగలు సాగి శ్రుతి దిగుతుంది, కాబట్టి ప్రతి టేక్ ముందు ట్యూనర్ చూసుకోండి.

ఇప్పటికే ఇంట్లో ఒక ఎఫ్310 ఉండి ఎఫ్ఎస్800 కొనబోతుంటే పాతదాన్ని అమ్మేయకండి. పన్నెండు తీగల గిటారు సెట్ ఒకటి కొని, అందులోని సన్న తీగల్ని ఆరు నుంచి మూడో తీగ దాకా వేసి, ఆ నాలుగింటినీ ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి ట్యూన్ చేయండి. ఒకటి, రెండు తీగలు మామూలుగానే ఉంటాయి. ఎఫ్ఎస్800తో వేసిన ట్రాక్ ఎడమ వైపు, అవే కార్డులు దీంతో వాయించి కుడి వైపు పెడితే చరణంలో గిటారు రెండింతలు వెడల్పుగా వినిపిస్తుంది, బేస్ మాత్రం ఒక్క చుక్క కూడా పెరగదు.